పదాన్నీ మనిషినీ విడదీయకు

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ దీవెనలు. సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఒక ఆదివారం బైబిల్ పదాలు, ఇంకో ఆదివారం సంఘ చరిత్రలోని గొప్పవాళ్లు అని ప్లాన్ వేసుకున్నావట. నా మాట విని ఆ రెండింటినీ విడదీయకు. ఒక పదాన్నీ, దాన్ని నమ్ముకుని బతికిన మనిషినీ ఒకే రోజు చెప్పు. విడివిడిగా చెబితే పదాలు క్విజ్ దాకా గుర్తుంటాయి, పేర్లు అప్పటిదాకా కూడా ఉండవు.

"నీతిమంతుడుగా తీర్చబడుట", అంటే దేవుడు మనిషిని నిర్దోషిగా అంగీకరించడం, అన్న మాటే తీసుకో. నిర్వచనం బోర్డు మీద రాయకు. లూకా 18 తెరిపించి ధర్మశాస్త్ర నిష్ఠగల పరిసయ్యుడూ, పన్నులు వసూలుచేసే సుంకరీ ప్రార్థన చేసిన కథ ఒక పిల్లవాడి చేత చదివించు. తలెత్తకుండా రొమ్ము కొట్టుకున్న సుంకరి నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడని చెప్పింది యేసు ప్రభువే. అతను దేవుడికి ఏం ఇచ్చాడు, ఏం అడిగాడు అని పిల్లల్నే అడుగు. వాళ్లు తడబడినా ఫర్వాలేదు, ఆగు. అప్పుడు ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ దగ్గరికి రా. మఠంలో ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపాల ఒప్పుకోళ్లు అన్నీ చేసినా దేవుడు తనను అంగీకరించాడన్న ధైర్యం రాని సన్యాసి ఆయన. రోమా 1:17 దగ్గర ఎంతో కాలం కుస్తీ పట్టాక, ఆ నీతి దేవుడే విశ్వాసికి ఇచ్చేదని ఆయనకు అర్థమైంది. ఇదంతా విన్న పిల్లలకు 1517లో విట్టెన్‌బర్గ్‌లో ఆయన 95 వాదాలు ప్రకటించడం, 1521 వోర్మ్స్ సభలో తన మాట వెనక్కి తీసుకోననడం వేరే బట్టీ పట్టనక్కర్లేదు.

లూథర్ గురించి చెప్పేటప్పుడు 1543లో యూదుల మీద ఆయన రాసిన క్రూరమైన మాటల సంగతి దాచకు. దావీదు పాపాన్ని దాచని గ్రంథం చేతిలో పెట్టుకుని, మనం మన పెద్దల తప్పులు దాచడం న్యాయం కాదు. పిల్లలు పెద్దయ్యాక ఎక్కడో చదివి "మాకెందుకు చెప్పలేదు" అని నిన్ను అడిగే పరిస్థితి రాకూడదు.

"విమోచన"కు రూతు నాలుగో అధ్యాయం చాలు. పట్టణపు గవిని (ద్వారం), పదిమంది పెద్దలు, విధవరాలైన రూతునూ ఆ ఇంటి పొలాన్నీ విడిపించే హక్కు వదులుకుంటూ చెప్పు తీసి ఇచ్చిన దగ్గరి బంధువు, ముందుకొచ్చిన బోయజు. పిల్లల చేత నాటకం వేయించు, విడిపించడానికి ఒకరికి హక్కూ ఉండాలి, మనసూ ఉండాలని వాళ్లకే తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం స్ముర్న. ప్రకటన 2:10లో ఆ సంఘానికి ప్రభువు "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అన్నాడు. ఆ ఊరి సంఘానికే తర్వాత బిషప్ అయినవాడు పోలికార్పు. ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్ ఆ ఊరు, మ్యాప్‌లో చూపించు. సుమారు 155లో సైనికులు పట్టుకోవడానికి వస్తే ఆ ముసలాయన వాళ్లకు భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట అడిగి, రెండు గంటలు ప్రార్థించాడు. క్రీస్తును దూషిస్తే వదిలేస్తానని అధికారి అంటే, "86 ఏళ్లు ఆయనను సేవించాను, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు, నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషించను?" అన్నాడు. స్ముర్న సంఘంవాళ్లే ఇంకో సంఘానికి ఉత్తరం రాసి ఇదంతా చెప్పారు. చిన్నప్పుడు పోలికార్పు బోధ విన్న ఐరేనియస్ తర్వాత ఫ్రాన్సులోని లియోన్‌కు బిషప్ అయ్యాడు. పోలికార్పు యేసు శిష్యుడైన యోహాను నోట విన్నవాడని మనకు చెప్పింది ఆయనే. ఈ పాఠానికి రెండు ఆదివారాలు తీసుకున్నా తప్పులేదు.

లేఖనంలో ఉన్నదేదో, పరంపరగా వచ్చిందేదో ఎప్పుడూ విడిగా చెప్పు. పేతురును తలకిందులుగా సిలువ వేశారన్నది పరంపర. తోమా కేరళ తీరానికి వచ్చాడన్నదీ అంతే. అవి చెప్పొద్దని కాదు, "పెద్దలు ఇలా చెప్పుకున్నారు" అని చెప్పు. మగ్దలేనే మరియను వేశ్య అని బైబిల్ ఎక్కడా అనలేదు, లూకా 8 చదివించి ఆ నింద తీసెయ్యి. దమస్కు దారిలో సౌలు పేరు పౌలుగా మారిందనీ చాలామంది బోధిస్తారు. సౌలుకు పౌలు అనే పేరు కూడా ఉందని మాత్రమే చెప్పే అపొస్తలుల కార్యములు 13:9 చూపించు.

బాప్తిస్మం పాఠానికి మాత్రం దూరం పోకు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పెద్ద కరువు కాలమది. మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినవాళ్లు మన తెలుగు బోధకులే. క్లౌ పేరుతో పాటు యర్రగుంట్ల పేరయ్య పేరు కూడా పిల్లలకు తెలియాలి. ఊరూరా నడిచి మాదిగపల్లెల్లో సువార్త చెప్పినవాడు ఆయన. నీ క్లాసులో కొందరి తాతముత్తాతలు ఆ పల్లెలవాళ్లే అయ్యుంటారు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మను. ఎవరైనా ఏదైనా తెలుసుకొస్తే ఆ వారం నీ పాఠం పక్కన పెట్టి వాళ్ల చేతే చెప్పించు.

మ్యాప్ లేకపోతే చెప్పు, నా దగ్గరున్న పెద్దది పంపిస్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ