ఆ రోజు తొందరపడాల్సినవి, పడక్కర్లేనివి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడగలేక అడిగావు, "మావయ్యా, నాన్నకి ఏమైనా అయితే ముందు ఏం చేయాలి?" అని. పక్కనుంచి మీ అమ్మ "ఇప్పుడెందుకే ఆ మాటలు" అనడం కూడా వినబడింది. అక్కయ్య బాధ నాకు తెలియనిది కాదు. కానీ డాక్టర్లే ఇంటికి తీసుకెళ్లమన్నాక ఈ మాటలు ఇప్పుడు అనుకోవడమే మంచిది. మనవాళ్లలో ఎవరు పోయినా మొదటి ఫోన్ నాకే వస్తుంది కాబట్టి, చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

ప్రాణం పోయిన గంటలో ఇంటినిండా జనం చేరతారు. తలా ఒక మాట చెబుతారు, ప్రతిదీ అర్జంటే అంటారు. నిజంగా ఆగలేని పనులు చాలా తక్కువ తల్లీ. అవేమిటో తెలిస్తే మిగతావాటికి "చూద్దాం బాబాయ్" అనేయొచ్చు.

మొదటిది డాక్టర్. ఇన్నాళ్లూ బావని చూస్తున్న డాక్టర్‌తో రేపే మాట్లాడు. ఇంట్లోనే పోతే ఆయన వచ్చి చూసి, మరణానికి కారణం రాసి సంతకం పెడతారా, అర్ధరాత్రయినా వస్తారా, ఆయన ఊళ్లో లేకపోతే ఎవరిని పిలవాలి, ఈ మూడూ కనుక్కో. ఆ కాగితం లేకపోతే దహనమైనా ఖననమైనా ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒకవేళ మంచం మీద నుంచి పడటం లాంటిది జరిగి పోతే సంగతి వేరు. అప్పుడు దేన్నీ కదపకుండా పోలీసులకి చెప్పాలి. పోస్టుమార్టం అంటే పరువు పోయినట్టు బాధపడతారు గానీ, దాచిపెడితే వచ్చే తలనొప్పులు దానికి పదింతలు.

రెండోది కళ్లు. బావ ఎప్పుడో కళ్లు ఇస్తానన్నాడని నువ్వే చెప్పావు. దానికి గడువు సుమారు ఆరు గంటలే. ఐ బ్యాంక్ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకో. వాళ్లు వచ్చేలోగా ఫ్యాన్ ఆపేసి, రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టండి. శుక్లాల ఆపరేషన్ అయింది కదా పనికిరావేమో అని ఎవరో ఒకరు అంటారు, పట్టించుకోకు. అరగంటలో పని అయిపోతుంది, ముఖంలో తేడా ఏమీ కనపడదు.

మూడోది శరీరం. రెండు మూడు గంటల్లో దవడ, మెడ బిగుసుకోవడం మొదలవుతుంది. పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా కట్టెలా అవుతుంది. అందుకే కళ్లు, నోరు మూయడం, కాళ్లూ చేతులూ చాపి సరిచేయడం వెంటనే అయిపోవాలి. బావ కట్టుడు పళ్లు రాత్రిళ్లు తీసి గిన్నెలో పెడతాడు కదా, అవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని అప్పుడే పెట్టేయండి. తర్వాత పెడదామంటే నోరు తెరుచుకోదు, చూడటానికొచ్చిన వాళ్లకి బుగ్గలు లోతుకి పోయిన ముఖం కనపడుతుంది. మీ అమ్మ కళ్లలో మిగిలిపోయేది ఆ ముఖమే. ఇది చిన్న పని కాబట్టే అందరూ మర్చిపోతారు. ఉంగరం కూడా అప్పుడే తీసి, ఇద్దరి ఎదురుగా, ఒకరికే అప్పగించు.

అన్నట్టు, బావ గుండెకి పేస్‌మేకర్ ఉంది. దహనం చేసేటట్టయితే దాన్ని ముందే తీయించాలి, లేకపోతే మంటల్లో బ్యాటరీ పేలుతుంది. డాక్టర్‌తో మాట్లాడినప్పుడు ఎవరు తీస్తారో అది కూడా అడుగు.

ఇక తొందరపడక్కర్లేనివి. అంత్యక్రియలు ఎప్పుడన్నది వాటిలో పెద్దది. "ఇంకా ఎంతసేపు ఉంచుతారు" అని వచ్చినవాళ్లు సతాయిస్తారు. ఫ్రీజర్ బాక్స్ వస్తే ఆ కంగారు అక్కర్లేదు. ఆలస్యం ఇంకా ఎక్కువైతే మార్చురీలో పెట్టొచ్చు. తమ్ముడు విమానం దిగి వచ్చేదాకా ఆగాలా వద్దా అన్నది మీ ముగ్గురే తేల్చుకోండి, వీలైతే ఈ వారంలోనే. వాడితో ముందే మాట్లాడు. "నాకోసం ఆగండి" అంటాడో, "అమ్మని ఇబ్బంది పెట్టొద్దు, కానిచ్చేయండి" అంటాడో వాడి నోటివెంటే రావాలి. ఈ ఒక్క విషయంలో మాట సరిగ్గా అనుకోక, అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు. దహనమా ఖననమా అన్నది కూడా అంతే, బావ మాట్లాడగలిగిన స్థితిలో ఉండగానే ఆయన్నే అడుగు. అడిగితే బాధపడతాడని నువ్వనుకుంటున్నావు. నాతో రెండుసార్లు ఆ మాటే ఎత్తబోయాడు, నీ ఎదురుగా ఎత్తలేదంతే.

ఫోన్లు నువ్వు చేయకు. మీ ఆయనకి అప్పగించు. దగ్గరి వాళ్లందరికీ ఫోన్ వెళ్లాకే వాట్సాప్‌లో పెట్టమను, సొంత చెల్లెలికి గ్రూపులో చూసి తెలియడం అన్యాయం. మెసేజ్‌లో పేరు, ఎక్కడ, ఎన్నింటికి, ఒక్క ఫోన్ నంబర్, అంతే. ఆ టైమ్ చూసి ఇల్లు ఖాళీ అని లెక్కేసుకునే వాళ్లూ ఉంటారు, అందరూ వెళ్లినా నమ్మకమైన మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి.

డబ్బు ఒక్కరి చేతిలోనే ఉండనీ, వాళ్ల దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టు. ఎవరినైనా మాట్లాడుకునేటప్పుడు ఎంతవుతుందో ముందే అడగమను. "ఎంతైనా పర్లేదు" అనే మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్లు బేరమాడరని అవతలివాళ్లకి బాగా తెలుసు. ఖర్చుకి కొంత నగదు ఇప్పుడే నీ ఖాతాలోంచి తీసి ఉంచు. బావ పోయాక ఆయన ఏటీఎం కార్డు మాత్రం ఎవరూ వాడొద్దు, పిన్ తెలిసినా సరే. ఆ రోజు నుంచి అది వారసులందరి డబ్బు.

మీ అమ్మ సంగతి. అందరూ ఆమెని పట్టుకుని ఏడుస్తారు, బీపీ మాత్ర వేసుకుందో లేదో ఎవరూ చూడరు. మాత్రలు, మంచినీళ్లు చూసే పని నీ కూతురికివ్వు, దానికి పదహారేళ్లొచ్చాయి, చేస్తుంది. చిన్నాడికి తాత నిద్రపోయాడని చెప్పకండి, చనిపోయాడనే చెప్పండి. లేకపోతే వాడు రాత్రి పడుకోవడానికి భయపడతాడు.

తర్వాత మిగిలేది మరణ ధ్రువపత్రం. రిజిస్ట్రేషన్‌కి గడువు ఉంటుంది, దాటనివ్వకు. పేరు, ఇంటిపేరు స్పెల్లింగ్ బ్యాంకు పాస్‌బుక్‌లో ఎలా ఉంటే అలాగే ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకో. తప్పు పడితే దిద్దించడానికి చెప్పులరుగుతాయి. కాపీలు ఎక్కువే తీసుకో, బ్యాంకు, ఇన్సూరెన్స్, పెన్షన్, ఇంటి కాగితాలు, ప్రతిచోటా ఒకటి అడుగుతారు. బావ ఫోన్ నంబర్ మాత్రం కొన్నాళ్లు రీచార్జ్ చేయిస్తూ ఉండు, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

ఈ ఉత్తరం తమ్ముడికి కూడా పంపు. అక్కయ్యకి ఇప్పుడే చూపించకు, నేను ఆదివారం వస్తున్నాను, నేనే మాట్లాడతాను. డాక్టర్‌ని కలిశాక ఏమన్నారో ఫోన్ చెయ్.

మీ మావయ్య