నల్లరాతి గాజు పలక ఎందుకు వంగింది?

ప్రశ్న: క్వారీ నుంచి తెచ్చిన డోలరైట్ (నల్లరాయి) పొడిని గ్రాఫైట్ క్రూసిబుల్‌లో (కరిగించే మూసలో) 1,450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి పలకలు పోశాం. నల్లటి గాజు వచ్చింది. అందులో స్ఫటికాలు పెరగాలని నేరుగా 900 డిగ్రీలకు తీసుకెళ్లి రెండు గంటలు ఉంచితే పలక వంగింది, పైన ఎర్రటి పొర కట్టింది. విరిచి చూస్తే స్ఫటికాలు అంచుల్లోనే ఉన్నాయి. లోపం ఎక్కడ?
– ఎంఎస్సీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ముందు క్రూసిబుల్ మార్చండి. సగం తప్పు అక్కడే జరిగింది.

ఈ గాజులో మొదట పుట్టాల్సింది మ్యాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడ్. సన్నటి ఆ రేణువులే విత్తనాలు, పైరాక్సీన్ అనే సిలికేట్ ఖనిజం వాటి మీద పెరుగుతుంది. మ్యాగ్నెటైట్‌లో ప్రతి మూడు ఇనుప పరమాణువుల్లో రెండు ఫెర్రిక్ (ఎక్కువ ఆక్సీకరణ చెందిన ఇనుము), ఒకటి ఫెర్రస్ (తక్కువ ఆక్సీకరణ చెందినది). గ్రాఫైట్ అంటే కార్బన్, అది ఆక్సిజన్‌ను లాగేసి ఆ ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చేస్తుంది. ఇంకా ముదిరితే ఇనుము బొట్లుగా అడుక్కి దిగుతుంది. విత్తనాలు కరువైతే స్ఫటికాలు అంచుల నుంచి లోపలికి పాకడమే గతి. అల్యూమినా క్రూసిబుల్‌లో, గాలి ఆడే కొలిమిలో కరిగించండి. రాయి పూర్తిగా కరిగాక వేడి పెంచొద్దు, పెంచినకొద్దీ ఫెర్రస్ వాటా ఎక్కువవుతుంది. అయినా విత్తనాలు చాలకపోతే 100 గ్రాముల పొడికి అర గ్రాము క్రోమియం ఆక్సైడ్ కలపండి. గ్రాము దాటితే కరగని పలుకులు మిగలొచ్చు.

పోసిన పలకను 600 డిగ్రీల దగ్గర గంట ఉంచి మెల్లగా చల్లార్చండి. తర్వాత నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 680కి తెచ్చి గంట ఆగండి. అక్కడి నుంచి నిమిషానికి 2 డిగ్రీలే. 880 చేరాక మరో గంట. ఈ నిదానం చాలా ముఖ్యం. పెరిగే స్ఫటికాలే పలకకు ఎముకలు, మీ పలకలో అవి ఏర్పడకముందే గాజు మెత్తబడింది. పైగా పైరాక్సీన్ సాంద్రత గాజు కంటే ఎక్కువ కాబట్టి పలక కుంచించుకుంటుంది, తొందరపడితే పగుళ్లొస్తాయి. రాయి మారితే ఈ అంకెలూ కొంత మారతాయి.

ఎర్రటి పొర హెమటైట్, అంటే ఎర్రటి ఇనుప ఆక్సైడ్. ఉపరితలంలోని ఫెర్రస్ గాలి తగిలి అలా మారింది. పలుచగా ఉంటుంది, రుద్ది తీసేయొచ్చు.

ప్రశ్న: వేడి చేసిన నల్లరాతి గాజు ముక్కకు అయస్కాంతం అంటుకుంటే స్ఫటికాలు వచ్చినట్టేనా?
– పాఠకుడు, జడ్చర్ల

జవాబు: మ్యాగ్నెటైట్ వచ్చి ఉండొచ్చు, లోహపు ఇనుమైనా కావచ్చు. పైరాక్సీన్ సంగతి అయస్కాంతం చెప్పదు. వేడి చేయని గాజు ముక్కను కూడా పరీక్షించండి. అదీ గట్టిగా అంటుకుంటే పోసేటప్పుడు నెమ్మదిగా చల్లారి మ్యాగ్నెటైట్ అప్పుడే పుట్టి ఉంటుంది, లేదా ఇనుము బొట్లు మిగిలి ఉంటాయి. ముక్క పూర్తిగా చల్లారాకే చూడండి, దాదాపు 580 డిగ్రీలు దాటితే మ్యాగ్నెటైట్ అయస్కాంతానికి స్పందించదు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్షలో), రాగి ఎక్స్ కిరణ గొట్టంతో అయితే, 33.2 డిగ్రీల కోణం (2θ) దగ్గరి గీత హెమటైట్‌ది, 29.8 దగ్గరిది పైరాక్సీన్‌ది. 35.5 దగ్గర మ్యాగ్నెటైట్, హెమటైట్, పైరాక్సీన్ మూడింటి గీతలూ కలిసిపోతాయి, ఆ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకండి.