ప్లాటు సంగతి తర్వాత, ముందు ఎముకల స్కాన్

ప్రశ్న: బైకు ప్రమాదంలో మావారి వెన్నుపాము దెబ్బతిని ఏడాదిన్నర అయింది. నడుము కింద స్పర్శ లేదు, వీల్‌చెయిర్‌లోనే ఉంటారు. వయసు 36. పరిహారంగా రూ.20 లక్షలు వచ్చాయి. అన్నయ్య ప్లాటు కొనమంటున్నాడు, ఏజెంటు పదేళ్ల పాలసీ అంటున్నాడు. డాక్టరుగారేమో ఎముకల స్కాన్ రాశారు. నడవలేని మనిషికి ఆ ఖర్చు అవసరమా? నేను ప్రైవేటు ఉద్యోగిని.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే ఆ స్కాన్ చేయించండి. నడవలేని మనిషికే అది మరీ అవసరం. కాళ్ల మీద బరువు పడకపోతే ఎముక త్వరగా గుల్లబారుతుంది, అదీ గాయమైన మొదటి ఒకటి రెండేళ్లలోనే ఎక్కువ. మోకాలికి కాస్త పైనా కిందా బాగా దెబ్బతింటుంది. మామూలు స్కాన్‌లో వెన్ను, తుంటి చూసి వదిలేస్తారు. మోకాలి దగ్గర కూడా తీయడం కుదురుతుందేమో అడగండి.

దీనికీ డబ్బుకీ ఏం సంబంధం అంటారా? మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు పాదం ఫుట్‌రెస్ట్‌లో ఇరుక్కుని కాలు మెలి తిరిగితే చాలు, తొడ ఎముక విరగొచ్చు. నొప్పి తెలియదు. మోకాలు వాచి వేడెక్కితేనో, కాళ్లు ఎప్పటికన్నా ఎక్కువ బిగుసుకుంటేనో గానీ అనుమానం రాదు. ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమంటే ఆ రాత్రికి రాత్రే ప్లాటు అమ్మలేరు కదా! పాలసీ మధ్యలో ఆపితే కట్టిందంతా వెనక్కి రాదు.

నేనైతే రూ.4 లక్షలు ఇద్దరి పేరున, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచుతాను. ఓ లక్షతో బాత్రూమ్ తలుపు వెడల్పు చేయించి, మంచి కుషన్, కుర్చీలోకి జరిగే బోర్డు కొంటాను. మిగతా రూ.15 లక్షలు అయిదు ఎఫ్‌డీలుగా, ఏడాదికొకటి చేతికొచ్చేలా వేయండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి రూ.5 లక్షల వరకే, కాబట్టి వేర్వేరు బ్యాంకుల్లో వేయండి. ఎముకలకు ఏడాదికోసారి ఎక్కించే ఇంజెక్షన్ లాంటివి డాక్టరు రాస్తే ఆ ఖర్చు ఇందులోంచే. కాల్షియం మాత్రలు మాత్రం సొంతంగా కొని వేయకండి, మూత్రంలో రాళ్ల భయం ఉంటుంది.

మీ ఆఫీసు గ్రూప్ బీమాలో ఆయన పేరుందా? లేకపోతే ముందు చేర్పించండి. విడిగా కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ (అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు) ఉండొచ్చు. గాయం గురించి దాచారో, క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.

వైకల్య సర్టిఫికెట్ తీసుకున్నారో లేదో రాయలేదు. 80 శాతం, ఆపైన ఉంటే, ఆయన మీ మీదే ఆధారపడి ఉన్నందుకు మీ ఆదాయంలో రూ.1.25 లక్షల మినహాయింపు వస్తుంది. అయితే పాత పన్ను విధానంలోనే. కొత్త దానిలో ఉంటే రెండూ లెక్క వేయించి, ఏది లాభమో చూసుకోండి.