రైల్వే అప్పు ‘ఎగ్గొట్టిన’ చైనా అనొచ్చా?

సందేహం: 1983లో చైనా, అమెరికా మధ్య నడిచిన హుగ్వాంగ్ రైల్వే బాండ్ల గొడవ మీద రాస్తూ ‘పాత రైల్వే అప్పు ఎగ్గొట్టిన చైనా’ అని హెడ్డింగ్ పెట్టాను. మా ఫ్రెండేమో ‘రద్దు చేసుకున్న’ అనాలంటున్నాడు. ఏది కరెక్టండీ?

సమాధానం: రెండూ వద్దండీ. ఎగ్గొట్టడం అంటే అప్పు తనదేనని తెలిసీ ఇవ్వకుండా తప్పించుకోడం, అంటే ఆ మాట వాడగానే తీర్పు మీరే ఇచ్చేసినట్టు. ఇక్కడ తగాదా అంతా ఆ అప్పు ఎవరిదన్నదే కదా. 1911 మేలో చింగ్ రాజుల సర్కారు హాంకౌ నుంచి గ్వాంగ్‌జౌ వైపు, సిచువాన్ వైపు రైలు మార్గాలు వేస్తామని బ్రిటిష్, ఫ్రెంచ్, జర్మన్, అమెరికన్ బ్యాంకుల దగ్గర 60 లక్షల పౌండ్లు 5 శాతం వడ్డీకి తెచ్చింది, మా రైల్వేలు విదేశీయుల చేతిలో పెడతారా అని సిచువాన్ భగ్గుమంది, అక్టోబర్లో వుచాంగ్ తిరుగుబాటు వచ్చింది, కొన్ని నెలల్లో రాజ్యమే పోయింది. తర్వాతి ప్రభుత్వాలు కొంతకాలం వడ్డీ కట్టి 1930ల్లో ఆపేశాయి. 1951లో అసలు సొమ్ము తిరిగి కట్టాల్సిన గడువు వచ్చేసరికి బీజింగ్‌లో ఉన్నది కమ్యూనిస్టులు.

1979లో, ఆ అప్పు కోసం అమ్మిన బాండ్లు చేతిలో ఉన్న అమెరికన్లు అలబామాలో ఫెడరల్ కోర్టుకెళ్లారు, చైనా హాజరే కాలేదు, 1982లో 4 కోట్ల 10 లక్షల డాలర్లకి పైగా కట్టాలని ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అవతలివాళ్లు రాకుండానే ఇచ్చే తీర్పు, వచ్చింది. 1983 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్జ్ బీజింగ్ వెళ్తే చైనా ఆయనకి రాతపూర్వకంగా చెప్పింది, మా దేశం మీద మీ కోర్టుకి అధికారం లేదు, పాత సర్కార్లు తెచ్చిన ఇలాంటి అప్పులు మేం నెత్తినేసుకోం అని. ఇవ్వలేమనీ అనలేదు, గడువడగనూ లేదు, మాది కాదంది. మరి ఎగ్గొట్టింది అని మీ గొంతుతో ఎలా రాస్తారు? ‘అప్పు ఎగ్గొట్టిందని బాండ్ల వాళ్లు అంటున్నారు’ అంటే మాత్రం ఏ తప్పూ లేదు. దౌత్య వార్త రాసేటప్పుడు ఆ ‘అని’ ని అస్సలు వదలకండి, ఎవరి మాట వాళ్లకి అప్పజెప్పేది అదే.

ఇక రద్దు, మాఫీ అనేవి అప్పిచ్చినవాడు చేసేవి, తీసుకున్నవాడు తనకి తను చేసుకోడు. మన దగ్గర ‘ఐపీ పెట్టాడు’ అంటాంగానీ అది దివాలా కోర్టుకెళ్లిన మనిషి సంగతి, దేశానికి అతకదు.

ఇంకోచోట కూడా జాగ్రత్త. 1984లో అదే కోర్టు ఆ డిక్రీని పక్కన పెట్టింది, విదేశీ ప్రభుత్వాల మీద దావాలకి దారిచ్చిన 1976 చట్టం 1911 నాటి లావాదేవీకి వర్తించదని. ‘కేసు కొట్టేశారు’ అని రాయండి, ‘అప్పు కొట్టేశారు’ అని మాత్రం రాయకండి, అప్పు చెల్లదని కోర్టు ఎక్కడా అనలేదు.

మీ హెడ్డింగ్ ఇలా మార్చుకోండి: ‘ఆ రైల్వే అప్పు మాది కాదు: అమెరికాతో చైనా’.