ఫామ్ బాతు కొంటే మొత్తం బాతే కొనండి

కూకట్‌పల్లి నుంచి డాలస్ వచ్చి నెల కూడా కాని తమ్ముడొకడు అడిగాడు, ఇక్కడ స్టోర్‌లో బాతు కనబడుతోంది అన్నా, చికెన్ తిని తిని విసుగొచ్చింది, ఇంట్లో వండగలనా అని. ఎందుకు వండలేవు? నేను మలక్‌పేట వాడిని, మా ఇంట్లో కోడి, మటన్ తప్ప ఇంకోటి పొయ్యెక్కేది కాదు. అయినా నేర్చుకున్నాను. ముందు డబ్బు సంగతి విను.

బ్రెస్ట్ ముక్కల ప్యాకెట్ చూసి మోజు పడకు, పౌండు లెక్కన చాలా ఖరీదు. చైనీస్, వియత్నామీస్ స్టోర్ల ఫ్రీజర్‌లో ఐదారు పౌండ్ల పెకిన్ జాతి ఫామ్ బాతు మొత్తంగా దొరుకుతుంది, అది తీసుకో. ఫ్రిజ్ కింది అరలో పెడితే కరగడానికి ఒకటిన్నర రోజు పడుతుంది, శనివారం వండాలంటే గురువారమే దించు.

నేను మొదటిసారి భీమవరం అత్తయ్యకి ఫోన్ చేసి, ఆవిడ చెప్పినట్టే గరిటెల కొద్దీ నూనె పోసి వండాను. ఆవిడ చెప్పింది అక్కడి బాతుకి సరిగ్గానే సరిపోతుంది. అది కోతలైన వరి చేలల్లో మందతో తిరిగి మేసిన బాతు, గుడ్లు తగ్గాక కూరకొస్తుంది, గట్టిగా ఉంటుంది, కొవ్వు తక్కువ. ఫామ్ బాతు ఆరేడు వారాలకే కోతకొస్తుంది, మాంసం మెత్తన, చర్మం కింద మందంగా కొవ్వు. నా కూర మీద వేలెడు మందాన నూనె తేలింది. అదంతా వేడివేడిగా సింక్‌లో పోశాను. లోపల గడ్డకట్టి పైపు మూసుకుపోయింది, ప్లంబర్ బిల్లు అపార్ట్‌మెంట్ వాళ్ళు నా అద్దెలో కలిపేశారు. ఇంటికి పంపాల్సిన నెలలో ఆ డాలర్లను రూపాయల్లోకి లెక్కేసుకుంటే నిద్ర పట్టలేదు. పైగా పారబోసింది పనికొచ్చే సరుకు!

అందుకని చుక్క నూనె కూడా వేయకు. హైదరాబాద్‌లో అలవాటు కొద్దీ స్కిన్‌లెస్ కొట్టించుకుంటాం కదా, ఇక్కడ చర్మం తీయొద్దు. కరిగిన బాతు నుంచి బ్రెస్ట్, కాళ్ళు విడిగా కోసి పెట్టుకో. బ్రెస్ట్ తడి తుడిచి, చర్మం మీద మాత్రమే అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, ఉప్పు రాసి, చల్లటి పెనం మీద చర్మం వైపు కింద పెట్టి సన్న మంట వెలిగించు. పావుగంటలో కొవ్వంతా కరిగి చర్మం కరకరలాడుతుంది. కొవ్వు వంచేసి తిప్పి కాల్చు. లోపల 165 ఫారన్‌హీట్ రావాలని ఇక్కడి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ లెక్క, మిగతా వివరాలు వాళ్ళ సైట్‌లో చూసుకో. సన్నగా కోసి మిరియాలు, కరివేపాకు, పచ్చిమిర్చితో ఒక్కసారి వేయించు, అన్నంలోకి అదిరిపోతుంది.

కాళ్ళు రెండో పూటకి. వంచిన కొవ్వులోనే రెండు చెంచాలు కుక్కర్‌లో వేసి ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, కారం, ధనియాల పొడి, ఎండుకొబ్బరి వేయించి, కాళ్ళు, నీళ్ళు పోసి, విజిల్ వచ్చాక సన్న మంట మీద అరగంట ఉంచు. చివర్లో కొంచెం చింతపండు పులుసు పోసి మరిగించు. బాతు కడుపులో చిన్న సంచీ పెట్టి ఉంటుంది, మెడ, కార్జం, కందనకాయ అందులోనే, మర్చిపోయి అలాగే పడేయకు, వాటితోనే ఇంకో వేపుడు అవుతుంది. ఎముకలు మిరియాలు, అల్లంతో మరిగిస్తే చారు.

మిగిలిన కొవ్వు వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. ఆలుగడ్డ వేపుడుకి వాడు, నెయ్యి డబ్బా ఇంకొన్నాళ్ళు వస్తుంది. బాతు వేగుతున్నంతసేపూ కిటికీ తెరిచి ఫ్యాన్ వేసుకో, ఇక్కడి స్మోక్ అలారం కొంచెం పొగకే మోగుతుంది.