పుణె పార్టీ అడ్వాన్స్ వేశాడు, ఖాతా ఫ్రీజ్ అయింది. ఏం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కడియం దగ్గర రెండెకరాల నర్సరీ. మూడేళ్లుగా మా అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్‌లో మొక్కల వీడియోలు పెడుతున్నాడు. అవి చూసి పుణె, నాగ్‌పూర్, చెన్నై నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి. వీడియో కాల్‌లో మొక్క చూపిస్తాం, వాళ్లు యూపీఐలో అడ్వాన్స్ వేస్తారు, మేం లోడు పంపుతాం. పోయిన నెల పుణె పార్టీ ఒకతను రెండు విడతలుగా 38,000 వేసి ఫాక్స్‌టెయిల్ పామ్స్, బోగన్‌విల్లా తీసుకున్నాడు. పది రోజులకు మా ఖాతా ఆగిపోయింది. వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు ఫ్రీజ్ చేయమన్నారని బ్యాంకులో చెప్పారు. ఖాతాలో 4.12 లక్షలు ఉన్నాయి. శనివారం కూలీలకు ఇవ్వడానికి అప్పు తెచ్చాను. ఇదంతా జీఎస్‌టీ కట్టలేదనా? అంత దూరం స్టేషన్‌కి వెళ్లాలా? ఎవరో ఫోన్ చేసి 15 వేలు పంపితే తీయిస్తానంటున్నాడు, పంపమంటారా?
- ఒక నర్సరీ రైతు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఆ 15 వేలు పంపకండి. ఖాతా విడిపించడానికి ఏ పోలీసు అధికారీ ఫీజు తీసుకోడు. ఖాతా ఆగిన మనిషి టెన్షన్‌లో ఉంటాడని తెలిసి చేసే రెండో మోసం అది. ఆ నంబరు, కాల్ వచ్చిన టైమ్ రాసి పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. ఎక్కడో ఒకరు మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటారు. ఆ ఫిర్యాదు అందగానే పోయిన డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో బ్యాంకులు వరుసగా వెతుకుతూ పోతాయి, దారిలో కనిపించిన ప్రతి ఖాతాలోనూ డబ్బు ఆపుతాయి. మీ పుణె పార్టీ కొట్టేసిన డబ్బుతో మొక్కలు కొని ఉండొచ్చు, లేదా అతనికే అలాంటి డబ్బు వేరొకరి నుంచి వచ్చి ఉండొచ్చు. ఎలా జరిగినా ఆ వరుసలో మీ ఖాతా ఉంది. అంతమాత్రాన మీరు ముద్దాయి అయిపోరు.

రేపు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లండి, కానీ నోటిమాటగా అడిగి తిరిగి రాకండి. తెల్లకాగితం మీద నాలుగు విషయాలు అడగండి: ఏ స్టేషన్ నుంచి ఆదేశం వచ్చింది, ఫిర్యాదు నంబరు ఎంత, వివాదంలో ఉన్న మొత్తం ఎంత, ఆపింది ఆ మొత్తాన్నేనా లేక ఖాతా మొత్తాన్నా. రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. కౌంటర్‌లో ‘మాకేం తెలీదు, పైనుంచి వచ్చింది’ అంటారు. కాగితం ఇచ్చి సీలు అడిగేసరికి అదే కౌంటర్‌లో ఈమెయిల్ ప్రింటు బయటికొస్తుంది. నా క్లయింట్ల విషయంలో ఇది చాలాసార్లు చూశాను.

నాలుగో విషయమే మీకు ప్రాణం. ఆపాల్సింది 38,000 అయితే మిగతా 3.74 లక్షలు ఎందుకు ఆపాలి? బ్యాంకు ఖాతా కూడా పోలీసులు స్వాధీనం చేసుకోదగ్గ ఆస్తేనని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది, కాబట్టి వాళ్లకు అధికారం లేదని వాదించలేం. ఇప్పుడు ఆ అధికారం పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద ఉంది. కానీ అలా ఆపిన సంగతి వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలపాలని అదే సెక్షన్ చెబుతోంది. పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపాలి, ఖాతా మొత్తం కాదు అని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులకు చెప్పింది. మీ అర్జీలో ఈ మాట తప్పకుండా రాయండి.

తర్వాత దర్యాప్తు అధికారికి ఈమెయిల్ పెట్టండి, అదే రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. ఆ 38,000 మొక్కల ఖరీదేనని చూపడమే మీ పని. ఆర్డర్ చాట్, మొక్కలు చూపించిన వీడియో, బిల్లు, లారీ రసీదు, లోడు దించిన చోటు, డ్రైవర్ నంబరు, పార్టీ ఫోన్ నంబరు అన్నీ జతచేయండి. మీవాళ్లు చాలామంది చీటీ మీద ‘పామ్ 120, బోగన్ 200’ అని రాసి లారీ ఎక్కించేస్తారు. ఆ చీటీ ఉన్నా పారేయకండి, డ్రైవర్ దగ్గర ఫొటో ఉందేమో అడగండి. అబ్బాయి ఫోన్ మార్చొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. రేపు కోర్టులో ఆ చాట్ చూపాలంటే కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

అంత దూరం వెళ్లాలా అన్నారు. పోలీసులు పంపే నోటీసులో నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ ఏది ఉందో చూడండి. 94 అయితే కాగితాలు అడుగుతున్నారని అర్థం, పంపండి. 179 అయితే సాక్షిగా పిలుస్తున్నారు. ఆ సెక్షన్ కింద పిలిచే అధికారం ఆ స్టేషన్, దాని పక్క స్టేషన్ పరిధిలో ఉన్నవాళ్ల మీదే. కాబట్టి మర్యాదగా రాతపూర్వకంగా వివరాలు ఇచ్చి, వీడియో కాల్‌లో మాట్లాడతానని అడగండి. 35(3) అని కనిపిస్తే మాత్రం మిమ్మల్ని అనుమానితుడిగా పిలుస్తున్నట్టే. ఆ రోజే లాయర్‌ని కలవండి. ఏ నోటీసునూ చూడనట్టు వదిలేయొద్దు.

రెండు, మూడు వారాల్లో కదలిక లేకపోతే కోర్టుకు వెళ్లాలి. ఆ స్టేషన్ ఉన్న ఊరి మేజిస్ట్రేట్ దగ్గర అదే సంహిత 503వ సెక్షన్ కింద డబ్బు వదలమని పిటిషన్ వేయొచ్చు, కానీ మీకు దూరాభారం. మీ బ్రాంచి ఇక్కడే ఉంది, నష్టం ఇక్కడే జరుగుతోంది, కాబట్టి అమరావతిలోని మన హైకోర్టులో రిట్ వేయడానికి దారి ఉంది. ఖాతా పూర్తిగా వదలమని పట్టుబట్టకుండా, వివాదంలో ఉన్న 38,000 ఆపి మిగతాది వదలమని అడగమని మీ లాయర్‌కి చెప్పండి. అలా అడిగితే కాదనడం కష్టం.

ఈలోగా వేరే బ్యాంకులో కరెంట్ ఖాతా తెరుచుకోవచ్చు, తప్పు కాదు. బావమరిది సేవింగ్స్ ఖాతా క్యూఆర్ పెట్టి వ్యాపారం నడపడం మాత్రం వద్దు. రేపు అతని ఖాతా కూడా ఇరుక్కుంటుంది. ఇంటి ఖర్చులు, నర్సరీ డబ్బు ఒకే ఖాతాలో కలవనివ్వకండి. ఆర్డర్ ఇచ్చిన పేరు, డబ్బు వచ్చిన పేరు ఒకటి కాకపోతే లోడు ఎక్కించే ముందే అడగండి. ‘పొరపాటున 40 వేలు ఎక్కువ పడ్డాయి, తేడా ఈ నంబర్‌కి వేయండి’ అనేవాడు దొరికితే ఆ నంబర్‌కి ఒక్క రూపాయీ వేయకండి. బ్యాంకుకు చెప్పి, వచ్చిన ఖాతాకే తిప్పి పంపించండి.

జీఎస్‌టీకీ దీనికీ సంబంధం లేదు. 2025 జూలైలో యూపీఐ లెక్కలు చూసి కర్ణాటక పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది, బెంగళూరులో కొన్ని దుకాణాల ముందు ‘యూపీఐ లేదు, నగదే’ అని బోర్డులు వెలిశాయి. ఆ వార్త చూసి భయపడినట్టున్నారు. అవి పన్ను నోటీసులు, ఖాతా ఫ్రీజ్ ఆర్డర్లు కావు. పైగా బతికున్న మొక్కలకు జీఎస్‌టీ లేదు. మొక్కలు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అయితే మీ అబ్బాయి వీడియోల్లో ప్లాస్టిక్ కుండీలు కూడా అమ్ముతున్నాడా? అవి పన్ను పడే సరుకు. అలాంటివి వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కుండీల అమ్మకాలు విడిగా రాసి మీ ఆడిటర్‌కి చూపించండి.