ఫ్యాక్టరీకి లైసెన్సు అక్కర్లేదు సరే, ఆ జాగాలో పెట్టనిస్తారా?

ప్రశ్న: మాది వికారాబాద్ జిల్లా. నేనూ మా తమ్ముడూ కలిసి వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనె తీసి శుద్ధి చేసే చిన్న మిల్లు పెట్టాలనుకుంటున్నాం. మొయినాబాద్ వైపు నాలుగెకరాలు చూశాం. “ఇప్పుడు లైసెన్సుల గొడవ లేదు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే నెల తిరిగేలోపు పర్మిషన్ వచ్చేస్తుంది, 111 జీవో కూడా ఎత్తేశారు” అని మధ్యవర్తి అంటున్నాడు. తెలిసిన ఆడిటర్ గారేమో పెద్ద నగరానికి 25 కిలోమీటర్ల లోపు ఫ్యాక్టరీ పెట్టాలంటే ఢిల్లీ నుంచి అనుమతి రావాలన్నారు. పాత పహాణీలో ‘లావుణి పట్టా’ అని రాసి ఉంది. యజమాని వారంలోగా పది లక్షలు బయానా అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: బయానా ఇప్పుడే ఇవ్వకండి. వారం గడువు అమ్మేవాళ్లు పెట్టింది, చట్టం పెట్టింది కాదు. మధ్యవర్తి చెప్పిన మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇలాంటి సగం నిజాలు నమ్మే.

ముందు లైసెన్సు సంగతి. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద ఒకప్పుడు దాదాపు ప్రతి పెద్ద పరిశ్రమకూ కేంద్రం లైసెన్సు కావాల్సి వచ్చేది. 1991 జూలైలో కొత్త పారిశ్రామిక విధానం వచ్చాక ఆ జాబితా 18 పరిశ్రమలకు దిగింది, తర్వాత ఇంకా కుదించారు. ఇప్పుడు మిగిలినవి సిగరెట్లు, చుట్టలు, రక్షణ పరికరాలు, పేలుడు పదార్థాలు, కొన్ని ప్రమాదకర రసాయనాలు. భోపాల్‌లో 1984లో వేలమందిని చంపిన మిథైల్ ఐసోసయనేట్ ఇంకా ఆ జాబితాలోనే ఉంది, ఉండాలి కూడా. వంటనూనె అందులో లేదు. కాబట్టి మీకు ఢిల్లీ లైసెన్సు అక్కర్లేదు.

ఆడిటర్ గారు చెప్పిన 25 కిలోమీటర్ల మాట కూడా ఊరికే పుట్టలేదు. అదే 1991 విధానంలో, పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరాల పొలిమేర నుంచి 25 కిలోమీటర్ల లోపు కాలుష్యం కలిగించే పరిశ్రమ పెట్టాలంటే కేంద్రం అనుమతి తీసుకోవాలన్నారు. ఆ షరతును తర్వాత కేంద్రమే తీసేసింది. పాత పుస్తకాల్లో, కొన్ని వెబ్‌సైట్లలో ఇంకా అలాగే ఉండిపోయింది. మీకు అది అడ్డు కాదు.

అసలు అడ్డు మీరు చూసిన జాగా. మొయినాబాద్ వైపు అంటున్నారు కాబట్టి ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ ల సంగతి చూడాలి. ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1994 మార్చిలో జీవో 192, ఆ తర్వాత 1996 మార్చి 8న జీవో 111 వచ్చాయి. ఈ నిషేధం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. మీ మిల్లుకు చాలా దగ్గరి కేసు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

సురానా ఆయిల్స్ అనే కంపెనీ 1993 సెప్టెంబరులో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొన్నది. ఆముదం నుంచి రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. 1994 జనవరిలో కేంద్రం నుంచి లెటర్ ఆఫ్ ఇంటెంట్ (లైసెన్సు ఇస్తామనే ముందస్తు లేఖ) కూడా వచ్చింది, అయితే కాలుష్యం విషయంలో రాష్ట్రం ఆమోదం ఉండాలని అందులోనే షరతు పెట్టారు. మూడు నెలలు తిరగకుండానే జీవో 192 వచ్చింది. భూమి కొన్న తర్వాత వచ్చిన జీవో కదా, మాకు వర్తించదు అనుకున్నారో ఏమో, కట్టడాలు మొదలుపెట్టారు. పంచాయతీ ప్లాన్లకు ఒప్పుకుంది. వ్యవసాయేతర అవసరానికి భూమి వాడుకోవడానికి కలెక్టర్ అనుమతి కూడా దొరికింది. చేతిలో ఇన్ని కాగితాలున్నా కాలుష్య నియంత్రణ మండలి మాత్రం ఒప్పుకోలేదు. అప్పీలు అథారిటీలో కంపెనీ గెలిచింది, హైకోర్టులోనూ గెలిచింది. ప్రభుత్వం 1997లో ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు ఇస్తూ ప్రత్యేకంగా జీవో కూడా ఇచ్చింది.

సుప్రీంకోర్టు 1999 జనవరిలో ఒక తీర్పు, 2000 డిసెంబరు 1న చివరి తీర్పు ఇచ్చింది. రెండూ జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు రాసినవే. హాని లేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాళ్లదేనని మొదటి తీర్పు చెప్పింది. లక్షలమంది తాగే నీళ్ల దగ్గర ఒక్క పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇవ్వడం చెల్లదని, మంచినీళ్లు జీవించే హక్కులో భాగమని రెండో తీర్పు తేల్చింది. పెట్టిన డబ్బు, కట్టిన గోడలు, చేతిలో ఉన్న అనుమతులు ఏవీ ఆ కంపెనీని ఆదుకోలేదు.

ఇక 111 జీవో ఎత్తేశారన్న మాట. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఇచ్చి 84 గ్రామాల మీద ఉన్న ఆంక్షల పేరాను తొలగించిన మాట నిజమే. కానీ జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ దెబ్బతినకూడదన్న షరతు కూడా ఆ జీవోలోనే ఉంది. జీవో మారినంత మాత్రాన సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మారదు. నూనె శుద్ధిలో కాస్టిక్ సోడా కలుపుతారు, తర్వాత నూనెను నీళ్లతో కడుగుతారు. సబ్బు నురగ, కొవ్వు కలిసిన ఆ నీళ్లు ఎటు పోతాయన్నదే మండలి ఇంజనీరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న. ఆ ఊరి నుంచి వాన నీరు పారేది గండిపేట వైపే అయితే, మీకు నా సలహా ఇంకో జాగా చూసుకోమనే.

నెల రోజుల్లో పర్మిషన్ అన్నది 2014 నాటి టీఎస్-ఐపాస్ (పరిశ్రమలకు ఒకేచోట అనుమతులిచ్చే) చట్టం మాట. మెగా ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల గడువు అందులో ఉంది. మంచి చట్టం, పది ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పించింది. అయితే ఆ గడువు అధికారులు ఆలస్యం చేయకుండా ఉండటానికి పెట్టింది. నిషేధం ఉన్న చోట అనుమతి పుట్టించడానికి కాదు. పైగా అది మీ స్వీయ ధ్రువీకరణ మీద నడుస్తుంది. భూమి గురించి తప్పు రాసిస్తే వచ్చిన అనుమతి నిలవదు, చిక్కు మీ మెడకే చుట్టుకుంటుంది. జల కాలుష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం ముందస్తు సమ్మతి లేకుండా పరిశ్రమ పెట్టడమే కాదు, పెట్టడానికి ఏ చర్య మొదలుపెట్టినా తప్పే. ఈ ముందస్తు సమ్మతినే సీఎఫ్‌ఈ అంటారు. అది చేతికి రాకుండా పునాది తవ్వొద్దు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరంలో చివర్న రాసిన ‘లావుణి పట్టా’. తెలంగాణ రికార్డుల్లో ఈ మాట కనిపిస్తే ఆ భూమిని ప్రభుత్వం ఎప్పుడో ఎవరికో పంచి ఇచ్చిందని అర్థం. 1958 జూలై 25 నాటి జీవో 1406 తర్వాత భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమైతే అమ్మకూడదన్న షరతు ఉంటుంది. 1977 నాటి 9వ చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు, తహసీల్దారు భూమిని వెనక్కి తీసుకోవచ్చు. మీరు మంచి మనసుతో పూర్తి ధర ఇచ్చి కొన్నానన్నా వినరు. అంతకుముందే షరతు లేకుండా ఇచ్చినదైతే సంగతి వేరు. కాబట్టి తహసీల్దారు ఆఫీసులో అసలు పట్టా ఎప్పుడిచ్చారో, ఏ షరతులతో ఇచ్చారో ఆ ఫైలు నకలు తీయించండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందో లేదో చూడండి. యజమాని చూపించే కొత్త పాస్‌బుక్ ఒక్కటీ చూసి సంతృప్తి పడొద్దు.

మిగతావి త్వరగా చెబుతాను. ఆ ఊరు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో పడుతుందో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. బయో కన్జర్వేషన్ జోన్ అయితే ఫ్యాక్టరీ ఆశ వదులుకోవడమే. పక్కన చెరువు ఉంటే 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. వ్యవసాయ భూమికి నాలా (వ్యవసాయేతర) మార్పిడి, తర్వాత భవనం ప్లాన్, ఫ్యాక్టరీ ప్లాన్ ఆమోదం, మిల్లు ఆడించే ముందు, నడపడానికి మండలి ఇచ్చే సమ్మతి సీఎఫ్‌ఓ, ఆహార పదార్థం కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు. ఇవన్నీ జాగా సరైనదైతే ఒకదాని వెనక ఒకటి వచ్చేవే.

ఇవన్నీ చూసుకున్నాక కూడా ఆ భూమే నచ్చితే, లేదా వేరే చోట చూసినా, అగ్రిమెంటు రాయించే తీరు మార్చుకోండి. బయానా చిన్న మొత్తమే ఇవ్వండి, బ్యాంకు ద్వారా ఇవ్వండి. భూమి అమ్మదగినదేనని తేలకపోయినా, జోన్ ఒప్పుకోకపోయినా, నాలా గానీ సీఎఫ్‌ఈ గానీ తిరస్కరించినా ఇన్ని రోజుల్లో బయానా మొత్తం వాపసు ఇవ్వాలని రాయించండి. ఇవన్నీ తేలడానికి ఆరు నెలల గడువైనా అడగండి. యజమాని ఈ షరతుకు ససేమిరా అంటే, ఆ భూమి గురించి ఆయనకు తెలిసినది మీకు తెలియదని అర్థం చేసుకోండి.

అగ్రిమెంటు దాకా వెళ్లే ముందు మీ జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజరును కలవండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీజీఐఐసీ పారిశ్రామిక పార్కుల్లో చిన్న ప్లాట్లు ఎక్కడ ఖాళీ ఉన్నాయో అడగండి. ధర ఎకరం లెక్కన ఎక్కువ అనిపించవచ్చు. కానీ నూనె మిల్లుకు నాలుగెకరాలు అవసరం లేదు. పార్కులోనూ సీఎఫ్‌ఈ తీసుకోవాల్సిందే, లావుణి తగాదా, జోన్ తగాదా మాత్రం ఉండవు.